అత్యంత సంతృప్తికరం

జీడివలస తహసీల్దారు కార్యాలయంలో మౌస్ పాడైంది సోమవారం. అది అద్భుతంగా పనిచేస్తోందని జిల్లాకు నివేదిక వెళ్లింది అంతకుముందు శుక్రవారం. ఈ రెండు రోజుల మధ్య ఉన్న చిక్కు అర్థం కావాలంటే ప్రభుత్వ కార్యాలయంలో కనీసం పదకొండేళ్లు పనిచేసి ఉండాలి. కూర్మారావు సరిగ్గా పదకొండేళ్లు పనిచేశాడు. అందుకే అతని గుండెల్లో రాయి పడింది.

కూర్మారావు ఆ ఆఫీసులో కంప్యూటర్ ఆపరేటరు. పొరుగుసేవల ఉద్యోగి, అంటే పదకొండేళ్లుగా తాత్కాలికం. ఏటా మార్చి ఆఖరున అతని ఉద్యోగం పోతుంది, ఏప్రిల్ రెండున మళ్లీ వస్తుంది. మధ్యలో ఆ ఒక్కరోజు అతను నిరుద్యోగి. ఆ రోజు కూడా ఆఫీసుకు వచ్చి తన కొత్త నియామకపు ఉత్తర్వు తనే టైపు చేసుకుంటాడు.

ఇక ఆ జిల్లాలో పద్ధతి ఏమిటంటే, పైనుంచి ఏ ఉత్తర్వు వచ్చినా అమలు నివేదిక ముందు వెళ్లాలి, అమలు ఆ తర్వాత తీరిగ్గా జరగాలి. ఇది బద్ధకం వల్ల వచ్చిన అలవాటు కాదు, అనుభవం వల్ల వచ్చింది. ఒక ఏడాది మొక్కలు నాటే కార్యక్రమంలో ఒక అమాయకపు తహసీల్దారు గోతులు తవ్వించి, మొక్కలు పాతించి, నీళ్లు పోయించి, అప్పుడు నివేదిక పంపాడు. జిల్లాలో ఆఖరి స్థానం ఆయనకే వచ్చింది. నర్సరీ నుంచి మొక్కలు బయలుదేరకముందే పంపినవాళ్లంతా మొదటి స్థానంలో నిలిచారు. అప్పటినుంచి ఆ పొరపాటు ఇంకెవరూ చేయలేదు.

ఈసారి వచ్చింది 'మౌస్ డ్రైవర్ నవీకరణ వారోత్సవాలు'. డ్రైవర్ అంటే మౌసు చెప్పిన మాట కంప్యూటరుకు చేరవేసే చిన్న ప్రోగ్రాం. పాతది తీసి కొత్తది పెడతారు, అదీ పైనుంచే, దానంతటదే జరిగిపోతుంది. ఆఫీసువాళ్లు చేయాల్సిందల్లా ఏడు గళ్ల పట్టిక నింపి పంపడమే. ఏడో గడి పేరు 'నవీకరణ అనంతరం సిబ్బంది స్పందన'. మిగతా మండలాలన్నీ ఆ గడిలో 'సంతృప్తికరం' అని రాసి ఊరుకున్నాయి. కూర్మారావు బస్సు తప్పిపోతుందనే తొందరలో, చేతికి వచ్చిన మాట టైపు చేసి పారేశాడు. 'అత్యంత సంతృప్తికరం' అన్నాడు. తహసీల్దారు విశ్వేశ్వరరావుగారు సంతకం పెట్టేశారు. జిల్లాలో జీడివలస మొదటి స్థానంలోకి వచ్చింది.

సోమవారం పొద్దున్న పదింటికి కూర్మారావు మౌసును కుడివైపు జరిపితే తెర మీద బాణం ఎడమవైపు పోయింది. పైకి తోస్తే కిందికి దిగింది. అతను కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూశాడు. బాణం తన పట్టు విడవలేదు.

ఇది తెలిసిన జబ్బే కదా, ఎడమకు లాగితే కుడికి పోతుందని గుర్తుపెట్టుకుంటే సరిపోతుంది కదా అని ఎవరికైనా అనిపిస్తుంది. కూర్మారావుకూ అనిపించింది. కానీ ఆ సంగతి బుర్రకు తెలిసినంత త్వరగా చేతికి తెలియదు. పైగా ధ్రువపత్రాల పోర్టల్‌లోకి వెళ్లాలంటే ముందు ఒక పరీక్ష ఉంటుంది. ఒక బొమ్మ వస్తుంది. అందులో ముక్క ఒకటి ఊడి పక్కన పడి ఉంటుంది. దాన్ని మౌసుతో పట్టుకుని, వంకర పోకుండా, ఒక్క విసురులో లాక్కెళ్లి కన్నంలో అమర్చాలి. అలా అమర్చినవాడు మనిషి, లేకపోతే యంత్రం అని లెక్క. కూర్మారావు మూడుసార్లు ప్రయత్నించాడు. 'మీరు మనిషి అని నిర్ధారణ కాలేదు. అరగంట తర్వాత ప్రయత్నించండి' అని వచ్చింది.

కిటికీ బయట బంగారమ్మ ఇదంతా చూస్తూ నిలబడి ఉంది. జీడి ఫ్యాక్టరీలో పిక్కలు కోసే పని ఆమెది. జీడి నూనె తగిలి తగిలి వేళ్లన్నీ నల్లబడిపోయాయి.

"అవ్వలేదేటి బాబూ?" అంది.

"అవుతోందమ్మా, కాస్త ఆగు."

"ఏటవుతోంది? ఆ బాణం గుర్తు గదిలో చిక్కుకున్న పిచ్చికలాగ కొట్టుకుంటోంది. నానూ సూస్తన్నాను కదా. మా గుంటకి విశాఖలో నర్సింగు సీటొచ్చింది. శుక్రవారం సాయంత్రం అయిదులోపు ఈ ఊరోళ్లమేనని కాగితం పెట్టాలంట. లేపోతే ఆ సీటు తరవాతోళ్లకి ఇచ్చేస్తారంట."

గుంట అంటే ఆమె కూతురు నీలవేణి. ఆ ఫ్యాక్టరీలో పనిచేసే వాళ్లింట్లో పన్నెండో తరగతి దాటిన మొదటి పిల్ల. సీటు వచ్చిన రోజున బంగారమ్మ ఆ సంగతి చెప్పడానికి ఆఫీసుకు కూడా వచ్చింది, ఏ పనీ లేకపోయినా. కూర్మారావుకు అది గుర్తుంది. అందుకే వెంటనే లేచి తహసీల్దారు గదిలోకి వెళ్లాడు.

విశ్వేశ్వరరావుగారు చెడ్డమనిషి కాదు. ముప్పై ఏళ్ల సర్వీసులో ఎవరికీ అన్యాయం చేయలేదు. ఎవరికీ ఏదీ చేయకుండా జాగ్రత్తపడటం వల్ల అది సాధ్యమైంది.

"సార్, కొత్త డ్రైవరు తేడాగా ఉంది. మౌసు ఎదురు తిరుగుతోంది. పాతదానికి వెనక్కి వెళ్లే మీట అందులోనే ఉంది. రెండు నిమిషాల పని. మీ దగ్గర సీలు వేసిన కవర్లో ఉన్న పాస్‌వర్డు కావాలంతే" అన్నాడు కూర్మారావు.

తహసీల్దారు శుక్రవారం నాటి నివేదిక నకలు తీసి బల్ల మీద పెట్టారు.

"కూర్మారావూ, మౌస్ పాడైందని ఇప్పుడు నువ్వు అంటున్నావు. దానివల్ల అత్యంత సంతృప్తి కలిగిందని శుక్రవారం నువ్వే రాశావు. ఈ ఇద్దరు కూర్మారావుల్లో నేను ఎవరిని నమ్మాలి?"

"నన్ను నమ్మండి సార్."

"రాసినవాణ్ణి నమ్మాలి. వాడి కింద నా సంతకం ఉంది." ఆయన గొంతు తగ్గించారు. "పాడవని వస్తువును బాగుచేయడం అంటే ఏమిటో తెలుసా? ప్రభుత్వ ఆస్తిని తారుమారు చేయడం. పైగా వెనక్కి వెళ్లడం అనే మాట ఈ వారోత్సవాలు అయ్యేదాకా నోట రానివ్వకు."

అయినా కూర్మారావు మొహం చూసి జాలిపడి, జిల్లా నవీకరణ సమన్వయాధికారి శేషగిరిగారికి ఫోన్ చేశారు. శేషగిరిగారు ఫోన్లో మాట్లాడినా వేదిక మీద మాట్లాడినట్టే ఉంటుంది.

"ముప్పై ఎనిమిది మండలాల నుంచి సంతృప్తి నమోదైన ఈ శుభతరుణంలో, అందరికన్నా అత్యంతంగా సంతృప్తి చెందిన మీ మండలం నుంచే సందేహం వ్యక్తం కావడం విచారకరం. మీరు అసంతృప్తిగా ఉన్నారా?"

"లేదండీ, లేదండీ" అన్నారు తహసీల్దారు లేచి నిలబడి. "సంతృప్తిగానే ఉన్నాం. ఎంత సంతృప్తిగా ఉన్నామో మరోసారి మనవి చేసుకుందామని."

నిజానికి ఆ రోజు ముప్పై ఎనిమిది మండలాల్లోనూ బాణాలు ఎదురు తిరుగుతూనే ఉన్నాయి. ప్రతి మండలమూ మిగతా ముప్పై ఏడూ హాయిగా ఉన్నాయని నమ్మి, పరువు పోతుందని నోరు మూసుకుంది.

మంగళవారం జిల్లా మొత్తం మీద ఒక్క ధ్రువపత్రం కూడా జారీ కాలేదు. అంకెల్లో సున్నా చూసి జిల్లా కార్యాలయం చురుగ్గా కదిలింది. మధ్యాహ్నానికి సర్క్యులర్ వచ్చింది. 'నవీకరణలో లోపం లేదని అన్ని మండలాలూ ధ్రువీకరించినందున, లోపం సిబ్బంది హస్తములలో ఉన్నట్లు నిర్ధారించడమైనది. కావున సిబ్బంది ప్రతిదినము ఒక గంటసేపు విలోమ చలన సాధన చేయవలెను. అద్దములో చూచుకొనుచు బొట్టు పెట్టుకొనువారు, గడ్డము గీసుకొనువారు ఈ నైపుణ్యమును ఇప్పటికే కలిగియున్నందున, సదరు కార్యములను కార్యాలయముననే నిర్వర్తించుటకు అనుమతించడమైనది.'

బుధవారం పొద్దున్న తహసీల్దారుగారు తన గదిలో అద్దం తగిలించుకుని గడ్డం గీసుకుంటూ ఫైళ్లు చూశారు. కూర్మారావు రెండోసారి, మూడోసారి మనిషి కాకుండా పోయాడు. ఇంటికి వెళితే చెంచా ఎటు తిప్పాలో తెలియక మజ్జిగ ఒలకబోసుకుంటున్నాడు. కిటికీ బయట బంగారమ్మ ఉంది. మూడు రోజులుగా ఫ్యాక్టరీ మానేసి వస్తోంది. ఆమె తిట్టి ఉంటే బాగుండేదని అతనికి అనిపించింది. తిట్టలేదు.

"బాబూ, ఒక మాట అడుగుతాను, కోపం తెచ్చుకోకు" అంది. "మా కాడ పిక్కలు కోసే మిషనుకి ఒకపాలి సేతిపిడి అటుది ఇటు బిగించేసినారు. మేస్త్రీకి సెప్తే ఇనలేదు. పనాగితే ఎలాగని మేమే అటేపు తిరిగి కూసున్నాం. అదలా తిప్పితే అవ్వదేటి?"

కూర్మారావు ఆమె వంక చూశాడు. మౌసు వంక చూశాడు. మెల్లగా దాన్ని వెనక్కి తిప్పి, వైరు తన వైపు వచ్చేలా పెట్టాడు. నొక్కే మీటలు అరచేతి కిందికి వచ్చాయి. జరిపి చూశాడు. కుడికి జరిపితే బాణం కుడికి వెళ్లింది. పైకి తోస్తే పైకి వెళ్లింది. మూడు రోజుల తర్వాత చెప్పిన మాట విన్న ఆ బాణాన్ని చూసి అతనికి కళ్లలో నీళ్లు తిరిగాయి. బొమ్మ ముక్కను కన్నంలో పెట్టాడు. మనిషి అయ్యాడు. మణికట్టుతో మీటలు నొక్కుతూ అరగంటలో నీలవేణి నివాస ధ్రువపత్రం తయారు చేసి, సంతకం కోసం తహసీల్దారు కంప్యూటరుకు పంపాడు.

ఇక మిగిలింది ఆయన ఒక్క సంతకం. సరిగ్గా అప్పుడే గుమ్మం ముందు జీపు ఆగింది. శేషగిరిగారు తనిఖీకి వచ్చారు. నేరుగా కూర్మారావు బల్ల దగ్గరకు వచ్చి, తిరగబడి ఉన్న మౌసును చూసి ఆగిపోయారు. తహసీల్దారు ఒక చెంపకు నురగతోనే వచ్చి నిలబడ్డారు.

"ఇది ఎవరి ఆలోచన?" అన్నారు శేషగిరిగారు.

కూర్మారావు వేలెత్తాడు. కిటికీ వైపు చూపించాడు. శేషగిరిగారు అటు చూశారు. అక్కడ ఆయనకు అధికారులెవరూ కనపడలేదు.

"వినమ్రత కూడా ఉంది" అన్నారాయన. "నవీకరణను స్వీకరించడమే కాదు, నవీకరణకు అనుగుణంగా తనను తాను నవీకరించుకున్న ఉద్యోగి. మిత్రులారా, ఇది మౌస్ కాదు, నమూనా. జీడివలస నమూనా. దీన్ని ఎవరూ కదపవద్దు. రేపు జిల్లా కేంద్రంలో ప్రదర్శన ఉంటుంది. అప్పటివరకు ఈ కార్యాలయంలోని కంప్యూటర్లన్నీ యథాస్థితిలో ఉంచాలి."

"సార్, ఒక్క సంతకం..." అని నసిగాడు కూర్మారావు.

"యథాస్థితి" అన్నారు శేషగిరిగారు.

గురువారం కూర్మారావునూ తహసీల్దారునూ జిల్లా కేంద్రానికి తీసుకెళ్లారు. మూడు వందల మంది ముందు కూర్మారావు మౌసును వెనక్కి తిప్పి చూపించాడు. చప్పట్లు కొట్టారు. మళ్లీ ముందుకు తిప్పి, మళ్లీ వెనక్కి తిప్పమన్నారు. శాలువా కప్పారు. ప్రశ్నల సమయంలో ఒక ముసలి గుమస్తా లేచి, ఇంత కష్టం ఎందుకు, డ్రైవరు మారిస్తే పోదా అని అడిగాడు. ఆయనకు వారం రోజుల శిక్షణ వేశారు. సాయంత్రానికి ఉత్తర్వు వచ్చేసింది. 'ఇకపై కార్యాలయ సిబ్బంది ఎవరైనను మౌసును వైరు తమ వైపు ఉండునట్లు మాత్రమే పట్టుకొనవలెను. అతిక్రమించిన యెడల క్రమశిక్షణా చర్యలు తీసుకొనబడును.' ప్రతి బల్ల మీదా మౌసు ఏ వైపు ఉందో జిల్లాకు చూపించే కెమెరా బిగించారు. కెమెరాలు బిగించే పని మాత్రం నిజంగానే ఒక్క రాత్రిలో అయిపోయింది. అమలు నివేదిక అంతకుముందే వెళ్లిపోయింది.

శుక్రవారం పొద్దున్న కూర్మారావు ఆఫీసుకు వచ్చేసరికి బంగారమ్మ మెట్ల మీద కూర్చుని ఉంది.

"నీకు శాలువా కప్పినారంట కదా బాబూ" అంది.

"కప్పారమ్మా."

"మంచిదే" అంది ఆమె. ఆ మాట అతనికి చెంపదెబ్బలాగ తగిలింది. "మా గుంట విశాఖలో ఆ కాలేజీ కాడే కూసుంది. ఫోను సేతిలో పట్టుకుని కూసుంది. వొస్తే ఎంటనే సూపిస్తానని."

అయిపోతుందమ్మా అని అతను మాట ఇచ్చాడు. మౌసు ఎలా పట్టుకోవాలో ఇప్పుడు తెలుసు, ఉత్తర్వు కూడా ఉంది, మిగిలింది ఒక్క సంతకం అని అతని ధీమా.

అయితే మౌసు తయారుచేసిన కంపెనీవాళ్లకు తమ తప్పు తెలిసిపోయింది. ఎవరూ అడగకుండానే, గురువారం రాత్రి సరిచేసిన డ్రైవర్ పంపించేశారు. జిల్లాలో ఉన్న మౌసులన్నీ ఒక్కసారిగా బాగుపడ్డాయి. తిన్నగా పట్టుకుంటే తిన్నగా పనిచేస్తాయి. తిన్నగా పట్టుకోవడం మాత్రం నిషేధం.

తహసీల్దారుగారు ఉత్తర్వు ప్రకారం వైరు తన వైపు పెట్టుకుని కూర్చున్నారు. బాణం ఎదురు తిరిగింది. సంతకం చేయాలంటే ఆయన కూడా ఆ బొమ్మ ముక్కను అమర్చి మనిషినని రుజువు చేసుకోవాలి. పదకొండుకు ఆయన మనిషి కాకుండా పోయారు. పన్నెండుకు కాకుండా పోయారు. మధ్యాహ్నం భోజనం చేసి వచ్చి కూడా కాలేకపోయారు. నాలుగుంబావుకు మళ్లీ తాళం పడింది. అది తెరుచుకునేసరికి పావు తక్కువ అయిదు. రెండుసార్లు లాగారు. రెండుసార్లూ ముక్క తెర బయటకు పోయింది. ఇక ఒక్కటే అవకాశం మిగిలింది. అదీ పోతే మళ్లీ అరగంట. అంటే అయిదుంబావు దాటిపోతుంది.

బంగారమ్మ గదిలోకి వచ్చి నిలబడింది. రావద్దని ఎవరూ అనలేదు.

"సార్" అన్నాడు కూర్మారావు. "ఒక్కసారి తిన్నగా పట్టుకోండి."

"పైన కెమెరా ఉంది" అన్నారు తహసీల్దారు.

"చూస్తే చూడనివ్వండి."

"నీకు పోయేది ఏప్రిల్లో వస్తుంది. నాకు పోతే రాదు." ఆయన నుదుట చెమట తుడుచుకున్నారు. "ఉత్తర్వు వచ్చింది కూడా నీ పేరు చెప్పుకునే కదయ్యా. నేనేం చేయను?"

అవును, తన పేరు చెప్పుకునే వచ్చింది. కిందటి శుక్రవారం బస్సు కోసం ఒక మాట ఎక్కువ రాశాడు. ఆ మాట మౌసును బాగుచేయనివ్వలేదు, శాలువా అయింది, ఉత్తర్వు అయింది, ఇప్పుడు ఆ పిల్ల సీటు మీద కూర్చుంది. కూర్మారావుకు తన మీద తనకే అసహ్యం వేసింది. బల్ల మీదున్న ఉత్తర్వు తీసి మళ్లీ చదివాడు. చదివి తలెత్తాడు.

"సార్, ఇందులో ఎవరు పట్టుకోకూడదని ఉంది?"

"ఎవరైనను అని ఉంది."

"కార్యాలయ సిబ్బంది ఎవరైనను అని ఉంది. ఈవిడ సిబ్బంది కాదు."

విశ్వేశ్వరరావుగారు ఉత్తర్వు లాక్కుని కళ్లజోడు సవరించుకున్నారు. ఒకసారి చదివారు. వేలు పెట్టి ఇంకోసారి చదివారు. ముప్పై ఏళ్లుగా నిబంధనలకు భయపడిన ఆ మొహంలో, మొదటిసారి ఒక నిబంధన తనకు భయపడినట్టు చిన్న వెలుగు కనిపించింది.

"కాదు" అన్నారు. "ఏ విధంగానూ కాదు. పాస్‌వర్డు నేను కొడతాను. పట్టుకునేది ఆవిడ." కుర్చీలోంచి లేచి పక్కకు జరిగారు. "ఇలా రా అమ్మా, కూర్చో."

బంగారమ్మ కూర్చోలేదు. చీర కొంగుతో చేతులు తుడుచుకుంది. ఎంత తుడిచినా పోని నలుపు అది. కూర్మారావు మౌసును తిన్నగా తిప్పి ఆమె ముందు పెట్టాడు.

"ఆ ముక్కని పట్టుకుని ఆ కన్నంలో పెట్టాలి. దీన్ని నొక్కి పట్టుకుని కుడిపక్కకి లాగు."

"ఎటు లాగితే అటే ఎల్తాదా?"

"ఇవాళ వెళ్తుంది."

"మరి నాలుగు దినాలబట్టీ ఏటి సేస్తన్నారు బాబూ మీరు?" అంది. జవాబు కోసం ఆగలేదు. పిక్క చితక్కుండా పప్పు తీసే చెయ్యి అది. వణక్కుండా, వంకర పోకుండా, ఒక్క విసురులో ముక్కను లాక్కెళ్లి కన్నంలో పెట్టింది. తెర మీద పచ్చటి అక్షరాలు వచ్చాయి. ఆమెకు చదువు రాదు, కూర్మారావు చదివి వినిపించాడు.

"నువ్వు మనిషివేనట."

"తెలుసు" అంది బంగారమ్మ.

అయిదుకు ఎనిమిది నిమిషాలు ఉందనగా సంతకం పడింది. కూర్మారావు ధ్రువపత్రాన్ని నీలవేణి ఫోనుకు పంపాడు. అయిదుకు మూడు నిమిషాలు ఉందనగా జవాబు వచ్చింది. 'తీసుకున్నారు. అమ్మకి చెప్పండి.' అతను చెప్పాడు. బంగారమ్మ నేల మీద కూలబడి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. తహసీల్దారుగారు కిటికీ వైపు తిరిగి, గడ్డం తడుముకుంటూ నిలబడ్డారు.

శుక్రవారం కాబట్టి వారం నివేదిక పంపాలి. ఏడో గడి మారిపోయింది. ఇప్పుడు టైపు చేయనక్కరలేదు, రెండు మాటలు ఇస్తారు, అందులో ఒకటి ఎంచుకోవాలి. 'అత్యంత సంతృప్తికరం', 'సంతృప్తికరం'. మూడోది లేదు. కూర్మారావు ఈసారి బస్సు సంగతి మరిచిపోయి చాలాసేపు ఆలోచించాడు. వైరు తన వైపు పెట్టుకుని, ఎదురు తిరిగే బాణంతో కుస్తీపట్టి, రెండోది ఎంచుకున్నాడు. పదకొండేళ్ల ఉద్యోగంలో అతను చేసిన తిరుగుబాటు అంతే.

సోమవారం పదింటికి ఫోన్ మోగింది.

"జీడివలస మండలంలో సంతృప్తి పడిపోయినట్లు జిల్లా గమనించింది" అన్నారు శేషగిరిగారు. ఆయన గొంతులో నిజమైన బాధ ఉంది. "కిందటి నివేదికలో అత్యంతం ఉంది. ఈసారి లేదు. ఆ అత్యంతం ఏమైంది?"

కూర్మారావు కిటికీ వైపు చూశాడు. వరసలో ఇంకెవరో నిలబడి ఉన్నారు.

"శుక్రవారం సాయంత్రం ఒకావిడ పట్టుకెళ్లిపోయింది సార్" అన్నాడు.